మగ్గం గుంతలో మోటారు

పోయిన నెల బేతంచెర్ల నుంచి డోనుకు ఇల్లు మార్చాము. బండల గని దగ్గర ఆయిలింజన్లు చూసుకునే ఉద్యోగం వదిలి రైల్వే జంక్షను ఊరికి వస్తున్నాం గనుక, కొత్త ఇంటికి తగినంత సామానే తీసుకుపోవాలని మా ఇంటావిడ ముందే గట్టిగా చెప్పింది. పరుపులు, వంటపాత్రలు, రెండు ట్రంకుపెట్టెలు బండికెక్కాయి. ఆఖరున మంచం కిందినుంచి లాగిన కొయ్యపెట్టె దగ్గర మాత్రం బండివాడు ఆగిపోయాడు. ఒకసారి ఎత్తబోయి, వదిలేసి, నడుము పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమప్పా, డోన్లో బండలు దొరకవా ఏంది? ఈడినుంచి పెట్టెలో పెట్టుకొని పోతాండావు?"

మూత తీసి చూపించక తప్పలేదు. సైకిలు చైను ముక్కలు, ఒక గడియారపు స్ప్రింగు, పగిలిన బేరింగులోంచి తీసిన గుండ్లు, మూతి విరిగిన స్పానరు, ఇంజను పాత వాల్వులు, పిడి లేని ఉలి, వంగినవి వంగినట్టే ఉన్న మేకులు. టెక్నికల్ స్కూల్లో చదువుకున్నవాణ్ణి గనుక అన్నిటినీ సైజుల వారీగా పొట్లాలు కట్టి, పైన చీటీలు అంటించి ఉంచాను. మా ఇంటావిడ ఆ చీటీలు ఒక్కొక్కటే చదివి, "మీ నాయన జబ్బే మీకూ తగులుకునిండాది. చీటీలు అంటిస్తే మాత్రం జబ్బు కాకుండా పోతాదా?" అన్నది. బండివాడు నవ్వాడు, నేనూ నవ్వాను. బండి కదిలి, ఎండలో ఆ ఎర్రదారి వెంట పెట్టె గలగలమంటూ వస్తుంటే, దారంతా నాకు మా సాలే కళ్లముందు మెదిలింది.

మాది కడపకూ రాజంపేటకూ మధ్య ఒక నేతగాళ్ల వీధి. వీధిలో ప్రతి ఇంటికీ ముందుభాగంలో మగ్గం ఉండే పొడుగాటి పంచ ఉండేది. దాన్నే సాల అనేవాళ్లం. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, ఆ సాలలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తుంటే, మా జేజి పక్కన రాట్నం పెట్టుకుని కండెలకు నూలు చుట్టేది. నేసేటప్పుడు తెగిన పోగుల తుంపులు కిందపడతాయి గదా, వాటిని ఊడ్చి పారేయడం మా ఇంట్లో ఎరగరు. జేజి వాటిని ఏరి, ముడి మీద ముడి వేసి, ఉండ చుట్టి ఉట్టిమీద పెట్టేది. దీపంలోకి వత్తి కావాలన్నా, చాప అంచు కట్టాలన్నా, పక్కింటి మేకపిల్ల కాలు విరిగితే కట్టు కట్టాలన్నా ఆ ఉండలోంచే దారం వచ్చేది. మా వంశంలో ఈ దాచిపెట్టే అలవాటుకు మూలం ఎక్కడుందని వెతికితే నా లెక్కలో ఆ ఉండ దగ్గరికే పోయి ఆగుతుంది. మా నాయనకు ఆ దారం నట్లూ బోల్టులూ అయింది, అంతే తేడా.

మా నాయన కూడా మగ్గం మీదనే పెరిగినవాడు. అయితే ఆయన వయసులో ఉండగా మా రోడ్డు మీదికి బస్సు వచ్చింది. రాజంపేట షావుకారు ఒకాయన కడపకు నడిపే ఆ బస్సు మా వీధి చివర ఆగి నీళ్లు పోసుకుని పోయేదట. ఆ నీళ్లు తోడి ఇవ్వడంతో మొదలై, బస్సు కడిగే పనిలోకి, అక్కడినుంచి బోల్టులు బిగించే పనిలోకి, కొన్నేళ్లకు దాన్ని నడిపి మరమ్మతు చేసే పనిలోకి నాయన దిగిపోయాడు. జేజినాయన బతికున్నన్నాళ్లూ బస్సు పని లేని రోజుల్లో నాయన మగ్గం మీద కూర్చునేవాడు. జేజినాయన పోయి ఏడాది తిరిగేలోపల మగ్గం విప్పేసి, సాల ముందుగోడ పడగొట్టి, జింకు రేకులు వేసి దానికి షెడ్డు అని పేరుపెట్టాడు.

బస్సు కింద పడుకుని పని చేయడం కష్టం గనుక నిలబడి పని చేసుకునేందుకు గుంత కావాలి. సాలలో గుంత ఉండనే ఉంది. మోకాళ్లు పట్టే మగ్గం గుంతను నాయన మనిషి ఎదలోతు తవ్వి, పొడుగు చేసి, దాంట్లో దిగి, తలమీదికి బస్సును తెప్పించుకునేవాడు. సాల ఎంత పొడుగైనా బస్సుకు చాలదు. దాని ముందుభాగం మా ఇంట్లోనూ వెనుకభాగం వీధిలోనూ ఉండేది. చూసేవాళ్లకు అది మా ఇంట్లోకి తల దూర్చి గడ్డి మేస్తున్నట్టు కనిపించేది.

ఆ గుంత తవ్విన రోజున జేజి ఏడవలేదు, అరవలేదు. "మీ నాయన కాళ్లు పెట్టిన చోటురా అది" అని ఒక్క మాట అని, రాట్నం ఎత్తుకుపోయి నడిమింటి గడప మీద కూర్చుంది. తరువాత పదేళ్ల పైన ఆమె షెడ్డులో కాలు పెట్టలేదు. గడప మీద కూర్చునే పక్కిళ్ల మగ్గాలకు కండెలు చుట్టేది. అక్కడినుంచే చూసేది, అక్కడినుంచే నాయనను తిట్టేది, అక్కడినుంచే అన్నానికి పిలిచేది. షెడ్డు అన్న మాట మాత్రం ఆమె నోట ఎన్నడూ రాలేదు. ఆమెకు అది సాలే.

నాయన మోటారు పని చేసినా నేతవాడి బుద్ధి పోలేదని చెప్పడానికి ఒక్క సంగతి చెబుతాను. ఒకసారి బస్సు రేడియేటరుకు సన్నని చిల్లి పడింది. మాటు వేయించాలంటే కడపకు పోవాలి, తెల్లవారితే పెండ్లివాళ్లను రాజంపేటకు చేర్చాలి. పడుగు దారాలకు గంజి పెడితే పోగు మీద నూగు అణిగి గట్టిపడుతుందని నేతవాళ్ల పిల్లలకు పాలు తాగే వయసులోనే తెలుసు. నాయన అమ్మ చేత చిక్కటి జొన్నగంజి కాయించి రేడియేటరులో పోశాడు. చిల్లి మూసుకుంది. బస్సు నందలూరు దాకా మహారాణిలాగా పోయింది. ఊరు దాటి గట్టు ఎక్కేటప్పటికి లోపలి గంజి ఉడికి, పొంగి, మూత ఎగిరి, పెండ్లికొడుకు తలపాగా మీద, ముందుసీట్లో కూర్చున్న పెద్దమనుషుల పంచెల మీద వెచ్చవెచ్చగా కురిసింది. ఆ తరువాత చాలాకాలం నాయన వీధిలో కనబడితే చాలు, "ఏమప్పా, బస్సుకు ఈ పొద్దు సంగటా, గంజా?" అని అడిగేవాళ్లు. నాయన కోపగించుకునేవాడు కాదు. "సంగటే. గంజి దానికి పడలేదులేప్పా" అనేవాడు.

ఇక షెడ్డులో చేరిన సామాను సంగతి. మార్చిన ప్రతి పాత భాగమూ షావుకారు పారేయమంటే నాయన ఇంటికి తెచ్చేవాడు. విరిగిన స్ప్రింగు పట్టీలు, అరిగిన గేరుచక్రాలు, బీటలువారిన సిలిండరు మూత, రంధ్రాలు పడిన సైలెన్సరు గొట్టం, అద్దం లేని దీపాలు, ఎక్కడిదో ఒక జట్కా ఇరుసు, నందలూరు రైల్వే షెడ్డు బయట దొరికిన బరువైన బోల్టులు. నడవడానికి మధ్యలో సన్నటి బాట తప్ప మిగతాదంతా ఇనుమే. అమ్మ మిరపకాయలు ఆరబెట్టుకోవడానికి చోటు లేక, "ఈ ఇంట్లో మనుసులకు చోటు లేదు గాని తుప్పుకు ఉండాది. నన్ను గూడా ఏదో ఒక మూల నిలబెట్టు, పనికొస్తా" అని సణిగేది.

అయితే నాయన ఊరికే దాచలేదని నాకు పన్నెండో పదమూడో ఏట తెలిసింది. ఒక ఆదివారం నన్ను గుంతలోకి దింపి, తన మంచం కింద ఉండే గోనెమూట విప్పి చూపించాడు. నూనెగుడ్డల్లో చుట్టిన కార్బురేటరు, మాగ్నెటో, కొత్తవాటిలా మెరుస్తున్న వాల్వులు, బేరింగులు. బయట కుప్పగా పడినదంతా ఒళ్లు, ఈ మూటలోది ప్రాణం అన్నాడు. ఒక్కొక్క ముక్కా చేర్చి ఎప్పటికైనా సొంతంగా ఒక మోటారు కట్టాలని, దాన్ని మన వీధినుంచే కడపకు నడపాలని ఆయన కోరిక. ఆ మాట చెప్పేటప్పుడు నాయన గొంతు తగ్గించి, గడప వైపు ఒకసారి చూశాడు. జేజి రాట్నం తిప్పుకుంటూనే ఉంది. నేను చెన్నపట్నం పోయి ఇంజన్ల చదువు చదవడానికి ఆ ఆదివారమే కారణం.

చదువు ముగించి నేను ఇంటికి వచ్చేసరికి యుద్ధం ముదిరింది. పెట్రోలు దొరకక బస్సులకు వెనుక బొగ్గు పొయ్యిలు తగిలించి నడిపే రోజులు. మా షావుకారు కొన్నాళ్లు ఆ తంటాలు పడి, విసిగి, బస్సు అమ్మేసి చేతులు దులుపుకున్నాడు. నాయనకు పని పోయింది. నాకు ఇంకా ఉద్యోగం రాలేదు. అటువైపు నూలు కూడా సర్కారు కంట్రోలులోకి పోయింది. ఇంట్లో మగ్గం ఆడుతున్నట్టు గుమాస్తా వచ్చి కళ్లారా చూస్తేనే ఆ ఇంటికి నూలు రాసేవాడు. నూలు అందిన ఇంట్లో పొయ్యి వెలిగింది, లేని ఇంట్లో అరకొరే. పక్కిళ్లకే నూలు చాలకపోతే జేజికి కండెల పని మాత్రం ఎవరిస్తారు? గుమాస్తా మళ్లీ మా వీధికి వచ్చేది అమావాస్య దాటాక అని తెలిసింది. ఆ లోపల మా సాలలో మగ్గం నిలబడాలి, లేకపోతే ఆ ఏడు గడిచే దారి లేదు.

మగ్గం ఎక్కడుంది? విప్పిన మగ్గాన్ని నాయన పారేయలేదు, పారేసే మనిషి కాదు. కాని దాచినదాన్ని వాడుకోకుండా ఉండే మనిషీ కాదు. నేను కాగితం తీసుకుని మగ్గం బొమ్మ గీసి, ఏయే భాగాలు కావాలో వరసగా రాసుకుని ఇనుములో వెతకడం మొదలుపెట్టాను. సగంరోజు వెతికినా ఒక్కటీ దొరకలేదు. గడప మీదినుంచి చూస్తున్న జేజి ఇక పట్టలేకపోయింది.

"యాడ ఎతుకుతావురా? తలెత్తి సూడు. బట్ట సుట్టే దుంగ మీ నాయన రేకులకు పట్టీ కొట్టినాడు. తొక్కుడు చెక్కలు ఆ బస్సు చక్రం కింద పెట్టేటోడు, ఆ మూల నూనె డబ్బా ఎనకాల ఉంటాయి. పోగులు దూర్చే అచ్చును మీ యమ్మ ఆవకాయ జాడీల మీద మూత పెట్టిండాది."

ఎక్కడ ఏది పోయిందో పదేళ్లుగా ఆమె కూర్చున్నచోటునుంచే చూసి గుర్తుపెట్టుకుంది. ఆమె చెప్పినచోట్ల చెప్పినవి దొరికాయి. విరిగిన ఒకటి రెండు నేను కొత్తగా చెక్కించి బిగించాను. మగ్గం కొయ్యలు సిద్ధమైనాయి.

అసలు చిక్కు గుంతతో వచ్చింది. ఎదలోతు గుంత మీద మగ్గం పెడితే కాళ్లకు ఏమీ అందదు. పూడ్చాలి. రెండో చిక్కు, పడుగు చాపడానికి సాల పొడుగంతా ఖాళీ కావాలి, సాల నిండా ఇనుము. పాత ఇనుము కొనేవాళ్లు ఆ యుద్ధకాలంలో వీధివీధికీ తిరుగుతున్నారు. వాళ్లను పిలుద్దామని నేనూ అమ్మా అన్నాం. నాయన అన్నం ముందునుంచి లేచిపోయాడు. ఆ సాయంత్రం తిరిగి వచ్చి గుంత అంచున చాలాసేపు కూర్చుని, "అమ్మితే కరగబెడతారు. దీంట్లో పూడిస్తే యాడికి పోతాదిరా, ఈడనే ఉంటాది గదా" అన్నాడు.

మరునాడు మొదలుపెట్టాం. బరువైనవి అడుగున, పట్టీలు వాటికి అడ్డంగా, సందుల్లోకి చిన్నవి, ఆ పైన గరుసుమట్టి అని నేను వరస చెప్పాను. నాయన పైనుంచి అందిస్తాడు, నేను గుంతలో నిలబడి పేరుస్తాను. అంత సులువుగా జరగలేదు. ప్రతి ముక్కనూ చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పి, దాని కథ చెప్పిగాని ఇచ్చేవాడు కాదు. ఇది ఒంటిమిట్ట మలుపులో విరిగింది, ఆ పొద్దు బస్సులో నిండు చూలాలుండింది. ఈ గేరు రాత్రంతా అరిచి నన్ను నిద్రపోనీలేదు. ఈ దీపం పెట్టుకుని వానలో కడప నుంచి ఒక్కణ్ణే వచ్చినాను. నేను ఒక్కటి అందుకుంటే అమ్మ నీళ్లచెంబు తెచ్చి ఆయన చేతికి ఇచ్చేది. ఇరవై ఏళ్ల రోడ్డు ఆ గుంతలోకి ముక్కలు ముక్కలుగా దిగింది.

కుప్పంతా అయిపోయాక పైన గరుసు పరిచాం. అప్పుడు జేజి గడప దిగి సాలలోకి వచ్చింది. ఎవరూ పిలవలేదు. రేకుల కప్పును, గోడ లేని ముందువైపును, ఖాళీ అయిన సాలను చూసింది. నాయనను గుంత అంచున కూర్చుని కాళ్లు వేలాడదీయమంది.

"తొట్లో పసిబిడ్డ మాదిరి ఊగులాడుతాండాయి సూడు కాళ్లు. మీ నాయనవి పొడుగుకాళ్లు, నీవి గావు. ఇంకా జానెడు లేవాల."

జానెడే గదా, మట్టి తెస్తానని నేను గంప ఎత్తాను. నాయన వద్దన్నాడు. లోపలికి వెళ్లి మంచం కిందినుంచి ఆ గోనెమూట భుజాన వేసుకుని వచ్చాడు. దగ్గరికి పోయి, అది మాత్రం ఉండనీ నాయనా, మంచం కింద ఎవరికి అడ్డమని మెల్లగా అన్నాను. ఆయన నా వైపు చూడకుండా, "అది మంచం కింద ఉంటే నేను మగ్గం మీద కుదురుగా కూసోలేనురా" అన్నాడు. మూట విప్పలేదు. దాని కథ చెప్పలేదు. ఒక్కడే గుంతలోకి దిగి, ఎడమచేతి మూలలో దాన్ని పడుకోబెట్టి, పైన చేతులతోనే మట్టి సర్ది బయటికి వచ్చి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.

నేల గట్టిపడాలి గనుక నేను దిమ్మిస తీసుకుని కొట్టడం మొదలుపెట్టాను. ఒక మూలనుంచి కొట్టుకుంటూ ఎడమవైపుకు వస్తుంటే జేజి నా చేయి పట్టుకుంది.

"ఆ మూల మెల్లగా కొట్టు నాయనా. మీ నాయనవి ఉండాయి ఆడ."

ఆమెకు ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు. పదేళ్లు గడప మీద కూర్చున్న మనిషికి మంచం కింది మూట సంగతి, అందులోని కోరిక సంగతి తెలియదని నేనూ నాయనా ఎలా అనుకున్నామో ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ మూలలో దిమ్మిస పక్కన పెట్టి అరికాళ్లతో తొక్కి చదును చేశాను. జేజి తన రాట్నం గడప మీదినుంచి తెచ్చుకుని, వెనకటి చోటులో, మగ్గం పక్కన పెట్టుకుంది.

అమావాస్య వెళ్లాక గుమాస్తా వచ్చి చూశాడు, నూలు రాశాడు. నాయన చేతులకు నేత మరుపు రాలేదు. మొదటి బట్ట అంచు కాస్త వంకరపోయింది గాని, వీధివాళ్లు బస్సు మలుపు తిరిగిందని నవ్వుకుని ఊరుకున్నారు. ఆ నేత మీదనే మా ఇల్లు గడిచింది, ఆ నేత మీదనే నాకు ఉద్యోగం వచ్చేదాకా అందరం తిన్నాం.

ఇప్పుడు యుద్ధం అయిపోయింది. పెట్రోలు మళ్లీ వస్తోంది. మా రోడ్డు మీద ఒకటికి రెండు బస్సులు తిరుగుతున్నాయి. విరిగిన భాగానికి బదులు కొత్తది కాగితపు డబ్బాలో చెన్నపట్నం నుంచి వస్తుంది, పాతది రోడ్డు పక్కన పడి ఉంటుంది, వంగి తీసుకునేవాడు లేడు. మా ఈడు మెకానిక్కులు కూడా అరిగినదాన్ని అరచేతిలో తిప్పి చూడటం మానేశారు. మొన్న పండుగకు పోయినప్పుడు, నాకిప్పుడు జీతం వస్తోంది, తవ్వి తీద్దామా అని నాయనను అడిగాను. నూనెగుడ్డల్లో ఉన్నవి చెడిపోయి ఉండవని కూడా చెప్పాను. ఆయన పోగు ముడి వేస్తూ, "మగ్గం ఆడుతాండాది గదరా, దాన్ని యాల కదిలించడం?" అన్నాడు.

నేను సాలలో చాప వేసుకుని పడుకున్నాను. మధ్యాహ్నం కడప బస్సు వీధి చివర మలుపు తిరిగింది. ఆ చప్పుడు వినగానే తొక్కుడు చెక్కల మీద నాయన కాళ్లు ఆగాయి. ఆయన తలెత్తలేదు, బయటికి చూడలేదు, ఊరికే విన్నాడు. ఏ గేరులో ఉందో, ఏ వాల్వు కొట్టుకుంటోందో ఆయనకు తెలుస్తూనే ఉంటుంది. జేజి కూడా రాట్నం ఆపి, నూలుపోగు వేళ్ల మధ్య అలాగే పట్టుకుని కూర్చుంది. ఆమెకు బస్సు చప్పుడుతో పనిలేదు, నాయన కాళ్లనే చూస్తోంది. బస్సు దూరమై చప్పుడు పూర్తిగా అణిగింది. తరువాత మొదట రాట్నం తిరిగింది, దాని వెనక మగ్గం ఆడింది.